కొఱ్ఱ అరిసెల కొఱకు పెన్న యొడ్డునకు

మొన్నటి సంక్రాంతికి పదునైదు దినములు ముందు మా అత్తగారు నన్ను దగ్గఱకు పిలిచి, "అమ్మీ, ఈ తూరి పండగకు నాలుగు కొఱ్ఱ అరిసెలు చేస్తావా?" అని యడిగిరి. ఆమెకు ఎనుబదినాలుగేండ్లు. ఈ యింట నేను కాలు పెట్టిన నాటినుండి తనకై యామె యేదియు అడిగి యెఱుగరు. "అట్లే అత్తా" అని వెంటనే యొప్పుకొంటిని గాని, నా మనస్సు మాత్రము చుఱుక్కుమన్నది. దానికొక కారణము కలదు.

పండ్రెండేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి నిశ్చయ తాంబూలములనాడు అత్తగారు రెండు దినములు శ్రమపడి కొఱ్ఱ అరిసెలు చేసి పళ్లెరము నిండ నమర్చిరి. వియ్యాలవారు కోస్తా జిల్లాలవారు. కొఱ్ఱలనగా కఱవుకాలపు కూడని వారనుకొందురేమో, మా యింటిని తక్కువ చేసి చూతురేమో యని నాకు బెదురు పుట్టినది. ఆ పళ్లెరమును సడి చేయక వెనుక గదిలో పెట్టించి, అంగడినుండి తెప్పించిన మిఠాయిలను వడ్డించితిని. అత్తగారు చూచిరి, ఒక్క మాటయు ననలేదు. ఆ తరువాత మఱెన్నడును ఆమె కొఱ్ఱ అరిసెలు చేయలేదు. చేయుమని నేనును అడుగలేదు. ఇప్పుడామెయే నోరు తెఱచి యడిగినది.

కర్నూలు అంగళ్లలో నేడు కొఱ్ఱలకు కొఱత లేదు. భారతదేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. అప్పటినుండి కొఱ్ఱలు, సామలు, అరికలు, ఊదలు మంచి మంచి సంచులలో కూర్చుండి, సన్నబియ్యముకన్న హెచ్చు వెలకు అమ్ముడుపోవుచున్నవి. నేను తెల్లగా మెఱయుచున్న కొఱ్ఱపిండిని ఒక కిలో తెచ్చి, బియ్యపు అరిసెలకు పట్టునట్లే పాకము పట్టి, ఉండ చేసి, తట్టి, నూనెలో వేసితిని. వేసినంతనే అవి ఇసుకవలె విరిసి మూకుటి యడుగున చేరినవి. రెండవమాఱు పాకము ముదుర నిచ్చితిని. ఈసారి విఱుగలేదు; రాళ్లయినవి. అత్తగారు చేతికఱ్ఱ పట్టుకొని వంటయింటిలోనికి వచ్చి, చిటికెడు పిండి తీసి వ్రేళ్ల నడుమ నలిపి, "ఇది కొఱ్ఱపిండి కాదమ్మీ, సున్నం. నా చేతులు ఇంక పట్టవు. మా చెల్లెలి దగ్గఱకు పో, అది చేసి చూపిస్తాది" అనిరి.

అట్లు ఈ ప్రయాణము సంభవించినది. చిన్నత్తగారి యూరు కడప జిల్లాలో జమ్మలమడుగునకు అవతల పెన్నానది యొడ్డున నున్నది. మిగిలిన పిండిని ఒక డబ్బాలో పోసికొని, మఱునాటి ఉదయము బయలుదేఱితిని.

తుంగభద్రయు హంద్రియు కలిసికొను చోట నున్న మా కర్నూలు, 1953 అక్టోబరు 1వ తేదీ మొదలు 1956 అక్టోబరు కడవఱకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండెను. ఆ వైభవము మూడేండ్లలో ముగిసినది గాని, ఊరు మాత్రము పెరిగినది. ఊరు దాటి బస్సు ఓర్వకల్లు చేరుసరికి, ఇరువైపుల ఎవరో పేర్చిపెట్టినట్లున్న వింతవింత బండలు కానవచ్చును. బండలకన్న ఆ మండలపు స్త్రీలే నాకెక్కువ వింత. 1990 దశాబ్దమున ఇచ్చటి బీద స్త్రీలు రూపాయి రూపాయి కూడబెట్టి పొదుపు సంఘములను నిలువబెట్టి, ఇతర మండలములకు దారి చూపిరి. అచ్చటనుండి పాణ్యము మీదుగా నంద్యాల చేరితిని.

నంద్యాల 2022 ఏప్రిలు నుండి వేఱు జిల్లాకు ముఖ్యపట్టణము. మన సీమకు నేటి పేరు వచ్చినదియు ఈ యూరనే. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషువారికి ఇచ్చివేసినందున దీనిని దత్తమండలములని పిలుచుచుండిరి. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభా సమయమున చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా రాయలసీమ యను పేరు స్థిరపడినది. ఈ యూరనే 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనా క్షేత్రము కలదు. శ్రీలక్ష్మి, నరసింహరాయ, సూర్యనంది మొదలైన కొఱ్ఱ వంగడములు ఈ క్షేత్రమునుండి వచ్చినవే. తొలకరికి చల్లిన కొఱ్ఱ డెబ్బదియైదు మొదలు తొంబది దినములలో కోతకు వచ్చును. వరికి వలె మడిలో నీరు నిలువ నక్కఱలేదు; సమయమునకు రెండు మూడు వానలు పడిన చాలును. ఐదు సాళ్లు కొఱ్ఱ, ఒక సాలు కంది వేసినచో, కొఱ్ఱ కోసిన పిదప కంది విచ్చలవిడిగా పెరిగి రెండవ పంట చేతికి వచ్చును. ఏటికి ఏడువందల మిల్లీమీటర్ల వాన పడుటయే గొప్పయైన ఈ నేలకు ఇంతకన్న నమ్మకమైన చుట్టము లేదు.

ఇచ్చట సోదరీమణులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. చిరుధాన్యములన్నియు నొక్క తీరువి కావు. జొన్న, సజ్జ, రాగి యనునవి పొట్టులేని గింజలు. కడిగి ఆరబెట్టి నేరుగా విసరుకొనవచ్చును. కనుక వాని పిండిలో తవుడు సహజముగనే యుండును. కొఱ్ఱ, సామ, అరిక, ఊద, వరిగ యనునవి గట్టి పొట్టు గలవి. ఆ పొట్టు తినదగినది కాదు. దానిని తీసివేసినపుడు లోని గింజమీద పలుచని పసుపుపచ్చ పొర మిగులును. అదియే తవుడు. యంత్రములో మరల మరల రుద్ది ఆ పొరను గూడ తీసివేసినచో గింజ తెల్లబడును, మెఱయును, పురుగు పట్టకుండ చాలకాలము నిలువయుండును. అంగడివానికది లాభము. తినువారికి మిగులునది పేరు మాత్రమే.

ఇది క్రొత్తగా పుట్టిన మోసము కాదు. మరపట్టిన తెల్లబియ్యమునే నమ్ముకొన్న దేశములలో బెరిబెరి యను వ్యాధి ప్రబలినపుడు, దానికి మూలము బియ్యమునుండి పోయిన తవుడేయని వైద్యులు కనుగొనిరి. 1918లో కూనూరులో మెకారిసన్ దొరగారు మొదలుపెట్టిన పరిశోధన యీ బెరిబెరిని గుఱించియే. ఆ చిన్న పరిశోధనాలయమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. నూఱేండ్ల క్రిందట బియ్యము విషయమున నేర్చుకొన్న పాఠమును నేడు కొఱ్ఱల విషయమున మరల నేర్చుకొనవలసి వచ్చినది.

నంద్యాలనుండి ఎఱ్ఱగుంట్లకు పోవు రైలుమార్గము 2016లో తెఱవబడినది. బనగానపల్లె దాటి కోవెలకుంట్ల, సంజామల వైపు పోవుచుండగా కిటికీకి రెండు ప్రక్కల నల్లరేగడి తప్ప మఱొకటి కనబడదు. నేడు ఆ రేగడియందు ఎక్కువగా శనగయే. ఇక్కడక్కడ పచ్చజొన్న వెన్నులు తలలూపుచుండెను. కొఱ్ఱచేలు మాత్రము వెదకిన గాని కానరావు. అవి ఆశ్వయుజములోనే కోతలై పోయినవి. ఒకప్పుడు ఈ జిల్లాలలో ప్రత్తిసాళ్ల నడుమ కొఱ్ఱ వేయని రైతు అరుదు. ప్రత్తి అమ్ముటకు, కొఱ్ఱ తినుటకు.

ఆ దారికి కొంత దూరమున ఉయ్యాలవాడ యున్నది. 1866 నాటి కఱవున బుడ్డా వెంగళరెడ్డిగారు తన గాదెలు విప్పి వేలకొలది జనమునకు కూడు పెట్టినది ఆ యూరనే. పది యేండ్లకు వచ్చిన ధాత కఱవు అంతకన్న ఘోరమైనది. 1876 మొదలు 1878 వఱకు కర్నూలు, కడప, బళ్లారి మండలములలో ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. 1877లో టెంపుల్ దొరగారు కఱవు పనులు చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, ఒక అణాయు చాలునని నిర్ణయించిరి. అది మనిషి ప్రాణమును నిలుపదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వైద్యుడు వాదించెను. పిదప ఆ కూలి కొంత పెంచబడినది. కొలతలు దొరలు వేసిరి గాని, ఆ పిడికెడు గింజలను దంచి, కాచి, పదిమందికి పంచినది మన ముత్తవ్వలే.

మఱి యంతటి ఆప్తబంధువును మన మేల విడిచితిమి? కర్నూలు కడప కాలువ పనులు 1863లో ఒక కంపెనీవారు మొదలుపెట్టగా, 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఆ నీరు పాఱినంత మేర వరి వచ్చినది. మెట్టను వేరుసెనగ యాక్రమించినది. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకే యీయసాగిన పిదప, పండుగనాడు మాత్రమే వరియన్నము చూచు ఇండ్లలో దినదినమును వరియన్నమే వండిరి. అది తప్పని నేననను. ఆకలిగొన్న యింటికి వచ్చిన అన్నమును ఎవరు కాదందురు? కాని దానితోపాటు కొఱ్ఱ తినువాడు లేనివాడు, వరి తినువాడు కలవాడు అను మాట యొకటి మన మనస్సులలో పాతుకొన్నది. నేను పళ్లెరము దాచినది ఆ మాటకు లోబడియే.

జమ్మలమడుగులో దిగి, ఆటోలో పల్లె చేరుసరికి ప్రొద్దు వాలుచుండెను. చిన్నత్తగారు వాకిట నాపరాతి అరుగుమీద కూర్చుండి చేటలో కందులు చెఱుగుచుండిరి. నన్ను చూచి, "ఏమ్మీ కోడలా, మా అక్క బాగుండాదా? అరిసెల కోసం ఇంత దూరం పంపించిందా నిన్ను?" అని నవ్విరి. నేను డబ్బా తెఱచి పిండి చూపితిని. ఆమె చేతిలోనికి తీసికొని ముక్కు దగ్గఱ పెట్టుకొని, "దీనికి వాసనే లేదే. కొఱ్ఱలు కావమ్మీ ఇవి, కొఱ్ఱల పీనుగులు" అని దానిని పక్కింటి కోళ్లకు చల్లివేసిరి.

ఆ రాత్రియే పని మొదలైనది. అటకమీది కుండలోనుండి కొఱ్ఱలు దింపిరి. పొట్టుతో నున్న కొఱ్ఱలు రెండు మూడేండ్లయినను చెడవట; పొట్టు తీసిన పిదప మాత్రము ఒకటి రెండు నెలలలో వాడుకొనవలెను. పూర్వము ఈ పొట్టు తీయుటకు తిరుగలి రాతిమీద ఎఱ్ఱమన్ను మెత్తి యారబెట్టెడివారు. రాయి రాయి తగిలిన గింజ నలుగును. మన్ను నడుమ నున్నచో పొట్టు మాత్రమే విడివడును. ఇపుడా యూర మహిళా సంఘమువారు పొట్టుతీయు చిన్న యంత్రమును పెట్టుకొనిరి. ఒక్కమాఱు మాత్రమే ఆడించి, తవుడుపొర పోకుండ ఇమ్మని చెప్పి చిన్నత్తగారు నన్ను అచ్చటికి పంపిరి. వచ్చిన బియ్యము తెల్లగా లేదు. లేత పసుపు వన్నె గలిగి, గుప్పిట పట్టిన చేతికి సన్నని తవుడు అంటినది.

"రోటిలో దంచకుండ యంత్రములో నాడించితే రుచి తగ్గదా చిన్నత్తా?" అని యడిగితిని. ఆమె నా వంక వింతగా చూచిరి. "రుచి అడుగుతావు, భుజాలను అడగవా? తెల్లారకముందే లేచి, చంటిబిడ్డ ఏడుస్తా ఉన్నా వదిలిపెట్టి, మా అక్కా నేనూ రోకళ్లు పట్టినోళ్లం. రెండు రూపాయల బియ్యం వచ్చినపుడు ఊర్లో అందరికంటే ముందు సంతోషించింది ఆడోళ్లే" అనిరి. ఈ మాట నన్ను ఆలోచనలో పడవేసినది. పాత తిండి మంచిదని పత్రికలలో వ్రాయువారెవరును రోకటి పోటును లెక్కలోనికి తీసికొనరు. కొఱ్ఱలు వంటయిండ్లనుండి వెడలిపోవుటకు చిన్నచూపు ఒక కారణమైన, స్త్రీల యలసట మఱొక కారణము. కావున కొఱ్ఱలు తిరిగి రావలెనన్నచో ఊరికొక పొట్టుతీయు యంత్రము ముందుగా రావలెను.

ఇక అరిసెల విధానము. ఆమె చేసి చూపినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను. కొఱ్ఱబియ్యము ఒక కిలో, బెల్లము ముప్పాతిక కిలో, నువ్వులు గుప్పెడు, గసగసాలు రెండు చెంచాలు, ఏలకులు ఆఱు, నేయి రెండు పెద్ద చెంచాలు, కాల్చుటకు వేరుసెనగ నూనె. కొఱ్ఱబియ్యమును రెండు మూడుసార్లు కడిగి ఆఱు గంటలు నానవేయవలెను. నీరు పూర్తిగా వంచి, నీడలో బట్టమీద పఱచవలెను. గింజ చేతికి అంటీ అంటకుండ ఉన్నపుడే దంచి గాని మిల్లులో నాడించి గాని జల్లించుకొనవలెను. గుప్పిట పట్టినచో ముద్దయై నిలువవలెను, తట్టినచో రాలిపోవలెను. ఆ తడియే అరిసెకు ప్రాణము. అంగడిలోని పొడిపిండికి ఎంత మంచి పాకము పోసినను అరిసె రాదు. జల్లించిన పిండి ఆరిపోకుండ అదిమి తడిబట్ట కప్పి యుంచవలెను.

బెల్లమును ఒక గ్లాసు నీటిలో కరగించి, వడగట్టి, మరల పొయ్యిమీద పెట్టవలెను. పాకమును చెంబులోని చన్నీటిలో చుక్క వేసి చూచుచుండవలెను. చుక్క కరగిపోయినచో ఇంకను రాలేదు. వ్రేళ్లతో దగ్గఱకు తీసిన మెత్తని ఉండయై, పట్టి యెత్తిన జాఱిపోక నిలిచినచో, ఆ క్షణముననే దింపవలెను. గట్టి గోలీ యయ్యెనా, మించిపోయినట్లే. "బియ్యప్పిండికంటే కొఱ్ఱపిండికి పాకం ఒక పిసరు లేతగా తీయాల. తవుడుండే పిండి రాత్రంతా తడి పీల్చుకుంటాది" అని చిన్నత్తగారు చెప్పిరి. దింపిన పాకములో నేయి, ఏలకుల పొడి, నువ్వులు, గసగసాలు వేసి, ఒకరు పిండి పోయుచుండగా మఱొకరు తెడ్డుతో ఆపక కలియబెట్టవలెను. ఇది ఒంటి చేతి పని కాదు. ఈ కారణముచేతనే అరిసెలనాడు ఇరుగు పొరుగువారు పిలువకయే వత్తురు. చలిమిడి ముద్దను మూతపెట్టి తెల్లవాఱువఱకు ఉంచవలెను. ఉదయము నిమ్మకాయంత ఉండలు చేసి, నూనె రాచిన ఆకుమీద తట్టి, నడిమి మంటమీద రెండు వైపుల ఎఱ్ఱబడ కాల్చి, రెండు గరిటెల నడుమ నొక్కి నూనె పిండివేయవలెను. పూర్తిగా చల్లాఱిన పిదప డబ్బాలో సర్దిన పదునైదు దినములు నిలువ యుండును.

మొదటి వాయి ఆమె తీసిరి. రెండవది నన్ను తీయుమనిరి. నా చేతి అరిసెలు రెండు విఱిగినవి, తక్కినవి నిలిచినవి. నోటిలో వేసికొంటిని. బియ్యపు అరిసెవలె సాగలేదు. కొఱుకుటకు పొరపొరగా నుండి, వేయించిన గింజ కమ్మదనము బెల్లముతో కలిసి వచ్చినది. ఇంతటి వంటకమునా నేను వెనుక గదిలో పెట్టించితినని సిగ్గు కలిగినది. జరిగినదంతయు చిన్నత్తగారికి చెప్పివేసితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నాకు తెలుసులే. అక్క ఆ పొద్దే చెప్పింది. నీ మీద కోపం లేదు దానికి. పిల్ల పెండ్లి చెడిపోకూడదని నువ్వు భయపడినావని దానికీ తెలుసు" అనిరి. పండ్రెండేండ్లు ఒక్క యింట నుండియు ఆ మాట నాకు మా అత్తగారి నోట వినబడలేదు. నేను అడిగిననాడు గదా ఆమె చెప్పుట!

మఱునాడు కడపలోనున్న చిన్నత్తగారి కూతురింట దిగితిని. వారి పొరుగువారు మహమ్మదీయులు. ఆ యింటి యిల్లాలు సజ్జల మలీద చేసి పంపెను. మొహఱ్ఱము పీర్ల పండుగకు ఈ సీమలో హిందువులును మహమ్మదీయులును ఏకముగా చేసికొను తీపి యిది. వేడి సజ్జరొట్టెను చేతితో నలిపి, తురిమిన బెల్లము, నేయి, ఏలకులు చేర్చి ముద్ద కట్టుదురు. పొయ్యిమీద పాకముతో పని లేదు; పదేండ్ల పిల్లయు చేయగలదు. ఉగాదినాడు ఈ యూరి దేవుని కడప కోవెలకు మహమ్మదీయులు పసుపు కుంకుమలతో వచ్చి వేంకటేశ్వరుని దర్శించుకొందురు. బీబీ నాంచారమ్మ తమ యింటి యాడుబిడ్డ యని వారి నమ్మిక. ఆడుబిడ్డ వరుస కలిపిన యూరిలో మలీద గిన్నె గోడ దాటి వచ్చుట వింత గాదు.

సజ్జలతోనే బూరెలును చేయుదురు. గిన్నెడు నీటిలో ముప్పాతిక గిన్నె బెల్లము కరగించి మఱగనిచ్చి, రెండు గిన్నెల సజ్జపిండి పోసి కలిపి దింపి, గోరువెచ్చగా నున్నపుడు నువ్వులు చేర్చి మర్దించి, చిన్న బిళ్లలుగా తట్టి నూనెలో కాల్చవలెను. సజ్జపిండి విషయమున ఒక జాగ్రత్త. సజ్జగింజలో నూనె యెక్కువ. విసరిన కొలది దినములకే పిండి చేదెక్కును. కనుక వారమునకు సరిపడ మాత్రమే ఆడించుకొనవలెను. గింజలను సలసల కాగు నీటిలో అరనిమిషము ముంచి తీసి బాగుగ ఎండబెట్టి ఆడించినచో మఱికొన్ని దినములు నిలుచును. రాగులను దోరగా వేయించి విసరి, వేయించిన వేరుసెనగలు, బెల్లము చేర్చి దంచిన ఉండలు పిల్లలకు మంచివి. ఈ వేరుసెనగనే మా కర్నూలు వైపు బుడ్డలందురు, కడప వైపు చెనక్కాయలందురు. తొలి ఏకాదశినాటి జొన్నపేలాల పిండి బెల్లము సంగతి మీ యందఱికి తెలిసినదే.

తిండి మంచిదని యేది పడిన నది చెప్పుట నా యభిమతము కాదు. నూఱు గ్రాముల రాగులలో సుమారు మూడువందలయేబది మిల్లీగ్రాముల సున్నము ఉండగా, తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములైన నుండుట కష్టము. తవుడు గల కొఱ్ఱ, సజ్జలలో పీచును, ఇనుమును హెచ్చు. ఇవి నిజము. కాని అరిసె యెంత కొఱ్ఱదైనను అరిసెయే. అందు బెల్లమును నూనెయు తగ్గవు. మధుమేహము గలవారు కొఱ్ఱదిగదా యని నాలుగు తినిన, బియ్యపుదానివలెనే కీడు చేయును. వారికి కొఱ్ఱయన్నము, జొన్నరొట్టె దినదిన భోజనమునకు తగును. తీపి పండుగకు ఒకటి చాలును. కొనునపుడు మాత్రము తెలుపు చూచి మురియక, పసుపు వన్నెయు, చేతికంటు తవుడును చూచి కొనుడు. దొరకనిచో అడుగుడు. పది యిండ్లవారు అడిగిన అంగడివాడు తానే తెప్పించును.

నేను భోగికి ముందునాటి రాత్రి ఇల్లు చేరితిని. వెంట పది కిలోల కొఱ్ఱబియ్యము తెచ్చితిని. ఆ రాత్రియే నానవేసి, మఱునాడు పాకము పట్టి, సంక్రాంతినాటి ఉదయమున కాల్చితిని. మా పెద్దమ్మాయియు అల్లుడును పండుగకు వచ్చియుండిరి, వియ్యపురాలును వచ్చెను. అరిసెల పళ్లెరమును ముందు గదిలో అందఱి నడుమ పెట్టి, "ఇవి కొఱ్ఱ అరిసెలు, మా అత్తగారి పుట్టింటి వంట" అని చెప్పితిని. వియ్యపురాలు రెండు తిని, చేయు విధమడిగెను. "అది మా అత్తగారిని అడుగవలెను" అంటిని.

అత్తగారికి పండ్లు కొలదిగనే కలవు. అరిసెను చిన్న ముక్కలుగా త్రుంచి, ఒక్కొక్కటియే నోట నుంచుకొని, చాలసేపు నములుచు కన్నులు మూసికొని కూర్చుండిరి. నేను ఆమె కాళ్లకడ కూర్చుండి, ఆనాటి పళ్లెరమును గుఱించి చెప్పవలెనని నోరు తెఱవబోతిని. ఆమె నా చేతిమీద చేయి వేసి, "పాకం ఇంకొంచెం ముందే దించాల అమ్మీ. మళ్లా తూరి చేసేటపుడు నన్ను పొయ్యి దగ్గఱ పీట వేసి కూర్చోబెట్టు, నేను చెప్తా" అనిరి.

పీట నాడే తుడిచి పొయ్యి ప్రక్కన పెట్టితిని. వచ్చు ఉగాదికి సజ్జ బూరెలు చేయుదమని ఆమెయే నిర్ణయించినారు.